కెరొలైన్ లూకస్: కౌంటీ కౌన్సిల్ నుంచి బ్రస్సెల్స్‌కి, అక్కడి నుంచి వెస్ట్‌మినిస్టర్‌కి దారి ఎలా పడింది?

#1 కృష్ణలంక

ఇంకో థ్రెడ్‌లో ఒక సభ్యుడు, బ్రిటన్ ఎన్నికల గురించి, "2010లో బ్రైటన్‌లో గ్రీన్ పార్టీ గాలివాటున గెలిచింది" అని రాశారు. అక్కడ చర్చ పక్కదారి పట్టకూడదని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నా. గాలివాటు కాదు, దాని వెనక పదిహేడేళ్ల పని ఉంది.

అక్కడ గెలిచిన కెరొలైన్ లూకస్ ప్రస్థానం క్లుప్తంగా: 1960లో మాల్వర్న్‌లో పుట్టారు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యంలో డాక్టరేట్ చేశారు. 1986లో పార్టీలో చేరి, 1987 నుంచి 1989 వరకు పార్టీ ప్రెస్ ఆఫీసర్‌గా పనిచేశారు. ఆ తర్వాత పదేళ్లు ఆక్స్‌ఫామ్ అనే సేవాసంస్థలో ఉద్యోగం. ఆ మధ్యలోనే, 1993 నుంచి 1997 వరకు, ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిలర్. 1999 నుంచి 2010 వరకు ఆగ్నేయ ఇంగ్లండ్ తరఫున బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలు, అంటే ఎంఈపీ. 2008లో పార్టీ నాయకురాలు. 2010 నుంచి 2024 వరకు వెస్ట్‌మినిస్టర్‌లో, అంటే బ్రిటిష్ పార్లమెంటులో, బ్రైటన్ పెవిలియన్ ఎంపీ.

నేను తేల్చుకోవాలనుకుంటున్నవి మూడు. 1999లో ఆ సీటు ఎలా దక్కింది? బ్రస్సెల్స్‌లో చేతికందిన పని ఏమిటి? అంత బలమున్న బ్రైటన్‌లోనే నగర పాలన చేతికొచ్చాక పార్టీ ఎందుకు తడబడింది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

#2 లెక్కలపుస్తకం

మొదటి ప్రశ్న నేను తీసుకుంటా. ఇది 1989 నుంచి మొదలవ్వాలి. ఆ ఏడాది యూరోపియన్ ఎన్నికల్లో బ్రిటన్ గ్రీన్లకు దాదాపు 15 శాతం, అంటే సుమారు 23 లక్షల ఓట్లు పడ్డాయి. సీట్లు సున్నా. మన లోక్‌సభ లాగే నియోజకవర్గానికి ఒక్కరు, ఎక్కువ ఓట్లొచ్చినవారే విజేత అన్న పద్ధతి అది. అన్నిచోట్లా పదిహేను శాతం వస్తే ఎక్కడా మొదటి స్థానం రాదు.

1999లో చట్టం మారింది. గ్రేట్ బ్రిటన్ అంతా ప్రాంతాల వారీ దామాషా పద్ధతి వచ్చింది. ఆగ్నేయ ఇంగ్లండ్‌కు 11 సీట్లు. ఓటరు పార్టీకి ఓటేస్తాడు, జాబితాలో పేర్ల వరుసను మార్చలేడు. సీట్లు పంచేది డోంట్ పద్ధతిలో: ప్రతి పార్టీ ఓట్లను 1తో, 2తో, 3తో అలా భాగించుకుంటూ పోయి, వచ్చిన అంకెలన్నిటిలో పెద్దవి 11 ఏరుకోవాలి.

ఆ ఏడాది ఓట్లు: కన్సర్వేటివ్ 6,61,931. లేబర్ 2,92,146. లిబరల్ డెమోక్రాట్లు 2,28,136. యూకిప్ (యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలన్న పార్టీ) 1,44,514. గ్రీన్ 1,10,571.

కాగితం మీద మీరే వేసి చూడండి. మొదటి పది సీట్లు పోయాక కన్సర్వేటివ్‌లకు ఐదు, లేబర్‌కు రెండు, లిబరల్ డెమోక్రాట్లకు రెండు, యూకిప్‌కు ఒకటి వస్తాయి. మిగిలింది పదకొండోది. పోటీలో ఉన్నవి రెండే అంకెలు. కన్సర్వేటివ్‌ల ఓట్లను 6తో భాగిస్తే 1,10,321 చిల్లర. గ్రీన్ల అంకె 1,10,571. తేడా 249 చిల్లర. గ్రీన్లకు ఇంకో 250 ఓట్లు తగ్గి ఉంటే ఆ సీటు కన్సర్వేటివ్‌ల ఆరో అభ్యర్థికి పోయేది.

దీన్ని అటువైపు నుంచీ చూడాలి. ఆ సీటు లాక్కోవాలంటే కన్సర్వేటివ్‌లకు 250 చాలవు, 1,496 ఓట్లు అదనంగా కావాలి. ఎందుకంటే వాళ్ల అంకె ఆరుతో భాగించాక వచ్చింది. చిన్న పార్టీకి ఒక్క ఓటు ఒక్క ఓటే. పెద్ద పార్టీకి ఆ చివరి సీటు దగ్గర ఆరు ఓట్లు కలిస్తే ఒకటి.

#3 రిటర్నింగ్

లెక్క సరిపోయింది. ఒకటి కలుపుతా. జాబితా మూసి ఉన్నప్పుడు, అంటే ఓటరు వరుస మార్చలేనప్పుడు, అసలు పోటీ పార్టీ లోపలే జరుగుతుంది. ఒక్క సీటే వచ్చే ప్రాంతంలో మొదటి పేరుకు తప్ప మిగతావాళ్లకు అవకాశం ఉండదు. కాబట్టి జాబితాలో ఎవరు ముందుండాలన్న పార్టీ సభ్యుల ఓటింగే సగం ఎన్నిక.

డబ్బు సంగతి కూడా. యూరోపియన్ ఎన్నికలో ప్రాంతానికి 5,000 పౌండ్ల డిపాజిట్, రెండున్నర శాతం దాటకపోతే గల్లంతయ్యేది. పార్లమెంటు ఎన్నికకు నియోజకవర్గానికి 500 పౌండ్లు, ఐదు శాతం దాటాలి. కౌన్సిల్ ఎన్నికకు డిపాజిటే లేదు. చిన్న పార్టీలు కౌన్సిల్ నుంచి మొదలుపెట్టడానికి సిద్ధాంతమొక్కటే కారణం కాదు, ఇదీ ఉంది. మన దగ్గర లోక్‌సభకు 25,000 రూపాయలు, ఆరోవంతు ఓట్లు కావాలి. ఆ గీత బ్రిటన్‌లో ఉండి ఉంటే గ్రీన్ అభ్యర్థుల్లో చాలామంది ప్రతిసారీ డిపాజిట్ పోగొట్టుకునేవారు.

#4 కృష్ణలంక

లెక్కలపుస్తకం గారూ, చాలా బాగా విప్పి చెప్పారు. 2004, 2009 ఎన్నికలకూ ఇలాగే వేస్తే ఎలా ఉంటుంది?

#5 లెక్కలపుస్తకం

2004లో సీట్లు 10కి తగ్గాయి. గ్రీన్లకు 1,73,351 ఓట్లు, వరుసలో తొమ్మిదో సీటు. 2009లో 2,71,506 ఓట్లు, అంటే 11.6 శాతం, వరుసలో ఐదో సీటు. ఆ ప్రాంతంలో లేబర్ పార్టీని (1,92,592) కూడా దాటేశారు.

అంటే 1999లో పదకొండింట పదకొండోది, 2004లో పదింట తొమ్మిదోది, 2009లో పదింట ఐదోది. కానీ సీటు మాత్రం మూడుసార్లూ ఒక్కటే. 2009లో రెండో సీటు రావాలంటే 2,71,506లో సగం, 1,35,753, చివరి సీటు అంకెతో పోటీ పడాలి. చివరి సీటు లిబరల్ డెమోక్రాట్లకు 1,65,170 దగ్గర పడింది. అంత దూరం. దామాషా అనగానే ఎన్ని ఓట్లకు అన్ని సీట్లు అనుకుంటాం. పది సీట్ల ప్రాంతంలో చిన్న పార్టీకి అది మెట్లెక్కడం లాంటిది, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎన్ని ఓట్లు పెరిగినా ఫలితం కనిపించదు.

#6 నల్లమల_దారి

రెండో ప్రశ్న: బ్రస్సెల్స్ పని. నా దృష్టిలో ఆమె జీవితంలో బరువైన భాగం ఇదే, కానీ వార్తల్లో తక్కువగా కనిపిస్తుంది.

యూరోపియన్ పార్లమెంటులో చట్టం మీద పట్టు రావాలంటే ఉపన్యాసం కాదు, నివేదకుడి బాధ్యత దక్కాలి. ఒక ప్రతిపాదన కమిటీకి వచ్చాక పార్టీల గ్రూపులు తమ సంఖ్యాబలాన్ని బట్టి ఉన్న పాయింట్లు పెట్టి ఆ బాధ్యతను తీసుకుంటాయి. గ్రీన్ల గ్రూపు అప్పట్లో నలభై, యాభై మందిది. అన్నిటి మీదా పాయింట్లు పెట్టలేరు, ఏరుకోవాలి. బాధ్యత దక్కిన సభ్యురాలు ముసాయిదా నివేదిక రాస్తుంది. మిగతా గ్రూపుల నుంచి ఒక్కొక్కరు నీడలా వెంట ఉంటారు. సవరణలు వందల్లో వస్తాయి. వాటిని కలిపి రాజీ సవరణలుగా కుదించడమే అసలు పనితనం. లూకస్‌కు అలా దక్కిన వాటిలో ముఖ్యమైనవి రెండు.

ఒకటి, విమానాల వల్ల వాతావరణంపై పడే ప్రభావం మీద 2006 నాటి నివేదిక. అది చట్టం కాదు, పార్లమెంటు తన అభిప్రాయాన్ని ముందుగా చెప్పే నివేదిక. విమానరంగానికి విడిగా, బయటి నుంచి అనుమతులు కొనుక్కునే వీలులేని ఉద్గార వ్యాపార పథకం (పొగ వదలడానికి పరిమితంగా అనుమతులిచ్చి, వాటిని సంస్థలు కొనుక్కుని అమ్ముకునే ఏర్పాటు) కావాలన్నది అందులోని కీలకం. 2008లో వచ్చిన ఆదేశంలో అది నీరుగారింది. విమానరంగాన్ని సాధారణ పథకంలోనే చేర్చి, ఇతర రంగాల అనుమతులు కొనుక్కోనిచ్చారు. అమలు 2012 నుంచి.

రెండోది అక్రమ కలప. 2008 అక్టోబరులో యూరోపియన్ కమిషన్ ఇచ్చిన ప్రతిపాదనలో, వ్యాపారి జాగ్రత్త వహించే ఏర్పాటు పెట్టుకుంటే చాలన్నారు. అక్రమంగా నరికిన కలపను అమ్మడమే నేరమన్న వాక్యం లేదు. పర్యావరణ కమిటీ తరఫున లూకస్ పట్టుబట్టింది సరిగ్గా దాని మీదే. 2009 ఏప్రిల్‌లో మొదటి పఠనంలో పార్లమెంటు నిషేధాన్ని చేర్చింది. ఆ తర్వాత సభ్య దేశాల మంత్రిమండలి దాన్ని తీసేయాలని చూసింది. 2010లో ఆమె వెస్ట్‌మినిస్టర్‌కి వెళ్లిపోయాక ఫిన్లండ్ గ్రీన్ సభ్యురాలు సతు హస్సి రెండో పఠనాన్ని ఒడ్డుకు చేర్చారు. 2010 అక్టోబరులో చట్టమైంది, 2013 మార్చి 3 నుంచి అమల్లోకి వచ్చింది.

#7 అడవిచుక్క

కలప చట్టంలో చివరికి మిగిలినదీ పోయినదీ చూడాలి. నిషేధం నిలిచింది, కానీ యూరప్ మార్కెట్‌లో మొదటిసారి సరుకు పెట్టేవారికే. దిగుమతిదారు మూడు పనులు చెయ్యాలి: చెట్టు జాతి, నరికిన దేశం, పరిమాణం, సరఫరాదారు వివరాలు సేకరించాలి. అక్రమమై ఉండే ప్రమాదాన్ని అంచనా వెయ్యాలి. ప్రమాదం ఉందనిపిస్తే అదనపు పత్రాలో, మూడోపక్షం తనిఖీయో తెచ్చుకోవాలి. అతని దగ్గర కొన్న తర్వాతి వ్యాపారులు ఎవరి దగ్గర కొన్నారో, ఎవరికి అమ్మారో ఐదేళ్లపాటు రాసి ఉంచుకుంటే చాలు. పార్లమెంటు మొదట అడిగింది గొలుసులోని అందరికీ బాధ్యత ఉండాలని. అది దక్కలేదు. అచ్చయిన పుస్తకాలు, పత్రికలు అసలు పరిధిలోకే రాలేదు. కాబట్టి అదే కాగితం ఖాళీగా వస్తే తనిఖీ ఉంటుంది, బయటి దేశంలో అచ్చు వేయించి తెస్తే ఉండదు.

శిక్షలు ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంది. అందువల్ల గట్టిగా చూసే రేవు వదిలి మెతకగా ఉన్న రేవుకు సరుకు మళ్లే అవకాశం మిగిలిపోయింది. 2023లో వచ్చిన అటవీ విధ్వంస నిరోధక నిబంధన దీని స్థానంలోకి రావాల్సింది.

మనవాళ్లకు సంబంధం ఉన్న ముక్క ఒకటి: ఎర్రచందనం. శేషాచలం కొండల చెట్టు 1995 నుంచి, ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉంది. ఈ కలప చట్టం ప్రకారం, సైటీస్ నిబంధనల మేరకు పత్రాలున్న కలపను సక్రమంగా నరికినట్టే లెక్కిస్తారు. అంటే అక్కడి భద్రత అంతా ఆ పత్రం నిజాయితీ మీదే ఆధారపడి ఉంటుంది.

#8 శంషాబాద్_రన్‌వే

విమానాల ఆదేశం వెనక్కి తగ్గడంలో మన దేశం పాత్ర కూడా ఉంది. మొదటి రూపంలో యూరప్‌లో దిగే విమానం ప్రయాణం మొత్తానికీ లెక్క చెప్పాలి. హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లే విమానమైతే, యూరప్ గగనతలంలోకి చేరిన దగ్గర్నుంచి కాదు, శంషాబాద్‌లో లేచిన దగ్గర్నుంచే. 2011 సెప్టెంబరులో ఢిల్లీలో సమావేశమైన దేశాలు దీన్ని వ్యతిరేకిస్తూ ప్రకటన చేశాయి. భారత ప్రభుత్వం మన విమాన సంస్థలను ఆ లెక్కలు ఇవ్వవద్దంది. అమెరికా, చైనాలూ ఒత్తిడి తెచ్చాయి. 2013లో యూరప్ వెనక్కి తగ్గి, యూరప్‌లోపలి ప్రయాణాలకే పథకాన్ని పరిమితం చేసింది.

మన వైపు వాదన (చారిత్రకంగా ఎక్కువ పొగ వదిలినవారే ముందు కట్టాలి) తప్పని నేననను. కానీ 2006 నివేదిక రాసినవాళ్లు ఊహించిన పథకం చివరికి ఎంత కుంచించుకుపోయిందో తెలియాలంటే ఈ ముక్క కలపాలి.

#9 రిటర్నింగ్

2010 మార్పు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి: ఎంపీగా గెలిచాక ఎంఈపీ పదవి ఉంచుకునే వీలు లేదు. 2002 నాటి యూరోపియన్ నిర్ణయం 2004 ఎన్నికల నుంచి రెండు పదవులూ ఒకరి దగ్గరే ఉండడాన్ని నిషేధించింది. బ్రిటన్‌కు 2009 వరకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఆమె ఎంఈపీగా తప్పుకున్నారు. ఉపఎన్నిక జరగలేదు. జాబితాలో తర్వాతి పేరు కీత్ టేలర్, ఆయన నేరుగా ఆ స్థానంలోకి వెళ్లారు. సీటు పార్టీ దగ్గరే ఉంది.

ఈ టేలర్ ఎవరో గమనించండి. బ్రైటన్ కౌన్సిలర్. 2005లో పెవిలియన్‌లో పోటీచేసి 9,571 ఓట్లు, దాదాపు 22 శాతం తెచ్చుకున్నది ఆయనే. 2007లో అదే నియోజకవర్గపు అభ్యర్థిత్వానికి సభ్యుల ఓటింగులో లూకస్ ఆయన్ను ఓడించారు.

#10 కృష్ణలంక

అంటే పునాది టేలర్‌ది, గెలుపు లూకస్‌ది అనుకోవచ్చా?

#11 వార్డుతిరుగుడు

పునాది టేలర్ ఒక్కరిదీ కాదు, వార్డులది. బ్రైటన్ అండ్ హోవ్‌లో గ్రీన్ కౌన్సిలర్ల సంఖ్య చూడండి: 1996లో మొదటి కౌన్సిలర్, 1999లో ముగ్గురు, 2003లో ఆరుగురు, 2007లో పన్నెండుమంది. ఒక వార్డులో ఒక్కరు గెలిస్తే మరుసటి ఎన్నికలో అదే వార్డులోని మిగతా సీట్లకు ఎగబాకడం, అక్కడి నుంచి పక్క వార్డుకు పాకడం. ఎక్కడ రెండో స్థానంలో ఉన్నారో అక్కడే మనుషుల్ని, కరపత్రాల్ని పోగు చేస్తారు. మిగతా చోట్ల పేరుకు ఒక అభ్యర్థిని నిలబెడతారు, అంతే. ఓటరు జాబితా తీసుకుని తలుపు తలుపుకీ తిరిగి ఎవరు మనకు, ఎవరు ఊగిసలాటలో, ఎవరు ఇంకొకరికి అని గుర్తు పెట్టుకుంటారు. పోలింగు రోజున మొదటి రెండు రకాలవాళ్లనే గుర్తుచేసి బయటికి తెస్తారు.

ఇది చేయకుండా దేశమంతా సమానంగా పరుచుకుంటే 1989 మళ్లీ జరుగుతుంది.

2010 అంకెలు: లూకస్ 16,238, లేబర్ 14,986, కన్సర్వేటివ్ 12,275. మెజారిటీ 1,252. అప్పటివరకు ఉన్న లేబర్ ఎంపీ డేవిడ్ లెప్పర్ పోటీ నుంచి తప్పుకోవడం కలిసొచ్చింది. పాత ఎంపీకి ఉండే సొంత ఓటు కొత్త అభ్యర్థికి బదిలీ కాదు. అంతకంటే ముఖ్యం 2009 యూరోపియన్ ఎన్నిక. బ్రైటన్ అండ్ హోవ్ నగరంలో గ్రీన్లు మొదటి స్థానంలో నిలిచారు. "మాకు ఓటేస్తే వృథా" అన్న మాటకు జవాబుగా ఆ ఫలితాన్నే ఇంటింటికీ తీసుకెళ్లగలిగారు. కాబట్టి "దామాషా వల్ల గెలిచిందా, వార్డుల వల్ల గెలిచిందా" అని ఎవరైనా అడిగితే నా జవాబు: ఒకటి లేకపోతే రెండోది పనిచేసేది కాదు. పదకొండేళ్ల ఎంఈపీ హోదా పేరు తెచ్చింది. ఆ పేరును ఓట్లుగా మార్చే మనుషులు వార్డుల్లో ఉన్నారు.

#12 లెక్కలపుస్తకం

పై మాటతో సగమే ఏకీభవిస్తా. 1999లో ఆ 250 ఓట్లు అటు పోయి ఉంటే పదకొండేళ్ల ఎంఈపీ హోదా ఉండేది కాదు. లండన్‌లో జీన్ లాంబర్ట్ గెలిచేవారు కాబట్టి పార్టీకి గొంతు మిగిలేది, కానీ ఆగ్నేయ ఇంగ్లండ్‌లో, బ్రైటన్ ఉన్న ప్రాంతంలో కాదు. నా తూకంలో దామాషాకే ఎక్కువ బరువు.

చిన్న దిద్దుబాటు కూడా: లూకస్ "మొదటి గ్రీన్ ఎంపీ" అనేటప్పుడు 1992లో వేల్స్‌లో ప్లయిడ్ కమ్రీ (వేల్స్ ప్రాంతీయ పార్టీ), గ్రీన్ల ఉమ్మడి అభ్యర్థిగా గెలిచిన కినోగ్ డేవిస్ పేరు ఎవరో ఒకరు తెస్తారు. గ్రీన్ పార్టీ గుర్తు మీద ఒంటరిగా గెలిచినవారిలో మొదటివారు లూకస్ అంటే వివాదం ఉండదు.

#13 మున్సిపల్_గెజిట్

మూడో ప్రశ్న. 2011లో బ్రైటన్ అండ్ హోవ్ కౌన్సిల్‌లో 54కి 23 సీట్లతో గ్రీన్లు అతిపెద్ద పార్టీ అయ్యారు. కన్సర్వేటివ్‌లు 18, లేబర్ 13. మైనారిటీ పాలన. తడబాటు అక్కడే మొదలైంది.

ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థ చేతిలో ఏముందో తెలియాలి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో రెండు అంచెలు: చెత్త ఎత్తేది జిల్లా కౌన్సిల్, దాన్ని పారవేసే ఏర్పాటు, బడులు, రోడ్లు, వృద్ధుల సంరక్షణ కౌంటీవి. లూకస్ 1993–97లో కూర్చున్నది రెండోదాంట్లో. బ్రైటన్ అండ్ హోవ్ 1997 నుంచి ఏక అంచె. అన్నీ ఒక్కచోటే, నిందలూ ఒక్కచోటికే.

ఆదాయం వైపు చూస్తే, కేంద్ర గ్రాంటు కోతల కాలం అది. కౌన్సిల్ పన్నును (ఇళ్ల మీద వేసే స్థానిక పన్ను) 2012లో 3.5 శాతం, ఆ తర్వాతి రెండేళ్లు 2 శాతం మించి పెంచాలంటే స్థానిక రెఫరెండం పెట్టాల్సి ఉండేది. 2012 బడ్జెట్‌లో గ్రీన్లు 3.5 శాతం పెంపు ప్రతిపాదిస్తే లేబర్, కన్సర్వేటివ్‌లు కలిసి పెంపే లేకుండా చేశారు. 2014లో రెఫరెండం పెట్టి 4.75 శాతం పెంచుదామన్నారు, అదీ సాగలేదు. 23 మందితో ప్రతిపాదించగలరు, గెలిపించలేరు. ప్రజల కంటికి మాత్రం పాలించేది మీరే.

2013 జూన్ చెత్త కార్మికుల సమ్మె దీనికి పరాకాష్ఠ. పాత కౌన్సిళ్ల నుంచి వచ్చిన అలవెన్సులు ఉద్యోగుల మధ్య సమానంగా లేవు. చెత్త విభాగంలో మగవాళ్లకు ఎక్కువ, స్త్రీలు ఎక్కువగా ఉన్న ఉద్యోగాలకు తక్కువ. సమాన వేతన చట్టం కింద దావాలు పడే ప్రమాదం ఉంది, సరిచెయ్యక తప్పదు. సరిచేస్తే కొందరు కార్మికులకు ఏడాదికి వేల పౌండ్ల కోత. ఆ నిర్ణయాన్ని అధికారుల చేతికి వదిలారు. గ్రీన్ కౌన్సిలర్లు రెండుగా చీలారు. ఎంపీగా లూకస్ కార్మికుల పక్షాన నిలబడ్డారు. వారంపాటు వీధుల్లో చెత్త పేరుకుంది. 2015లో పార్టీ 11 సీట్లకు పడిపోయింది.

నా అభిప్రాయంలో పెద్ద తప్పు, రాజకీయ నిర్ణయాన్ని అధికారులకు వదలడమే. ఎవరికి ఎంత తగ్గుతుందో, దానికి బదులు ఎన్నేళ్లు సర్దుబాటు ఇస్తారో ఎన్నికైనవాళ్లే కూర్చుని చెప్పాలి.

#14 వార్డుతిరుగుడు

అయినా 2015లో అదే రోజున జరిగిన పార్లమెంటు ఎన్నికలో లూకస్ మెజారిటీ 7,967కి పెరిగింది. 2017లో 14,689, 2019లో 19,940. ఈ రెండుసార్లూ లిబరల్ డెమోక్రాట్లు అక్కడ అభ్యర్థిని పెట్టలేదు, అదీ చెప్పాలి. కౌన్సిల్ మీద కోపాన్ని ఓటరు ఎంపీ మీద చూపలేదు. 2023లో కౌన్సిల్‌లో 7 సీట్లకు కుదించుకుపోయాక కూడా 2024లో లూకస్ స్థానంలో నిలబడిన గ్రీన్ అభ్యర్థి షాన్ బెరీ అదే పెవిలియన్‌లో 55 శాతంతో గెలిచారు.

#15 నల్లమల_దారి

ఒంటరి ఎంపీకి ఉన్న పనిముట్ల గురించి నాలుగు ముక్కలు. పర్యావరణ ఆడిట్ కమిటీలో చోటు ఆమెకు 2010లోనే దొరికింది. లక్ష సంతకాల పిటిషన్ ద్వారా మాదకద్రవ్యాల విధానం మీద 2014 అక్టోబరులో చర్చ పెట్టించగలిగారు. ప్రతిపక్ష పార్టీలకు ఇచ్చే ప్రభుత్వ నిధికి ఒక్క సీటున్నా, దేశవ్యాప్తంగా 1,50,000 ఓట్లు దాటితే అర్హత వస్తుంది. 2010లో పార్టీకి రెండు లక్షల అరవై వేలకు పైగా వచ్చాయి కాబట్టి ఆ గీత దాటారు. సిబ్బందిని పెట్టుకోవడానికి అదే ఆధారం.

లేనిదేమిటంటే, బ్రస్సెల్స్‌లో ఉన్న నివేదకుడి బాధ్యత లాంటిది. బ్రస్సెల్స్‌లో మీట నొక్కి ఓటేస్తారు. వెస్ట్‌మినిస్టర్‌లో ఒక్కో ఓటింగుకు లాబీల్లో నడిచి లెక్కించుకోవడానికి పావుగంట. విప్ లేని సభ్యురాలికి ఏ సవరణ దేని గురించో ముందుగా చెప్పేవారు లేరు, తనే చదువుకోవాలి. ఈ పద్ధతులు మార్చాలని గెలిచిన ఏడాదే ఆమె ప్రతిపాదనల నివేదిక ఇచ్చారు. నడిచి ఓటేసే పద్ధతి ఆమె పదవి వదిలేనాటికీ అలాగే ఉంది.

#16 క్రాయిడన్_కాలువ

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ల కోసం: భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి చెల్లుబాటయ్యే వీసాతో అక్కడ నివసిస్తుంటే కౌన్సిల్, పార్లమెంటు ఎన్నికలు రెండింటిలోనూ ఓటుంది. 2019 వరకు యూరోపియన్ ఎన్నికలోనూ ఉండేది. నమోదు దానంతటది కాదు, ఎవరికి వారే చేసుకోవాలి. ఇల్లు మారితే మళ్లీ చెయ్యాలి. విద్యార్థులు చదువుకునే ఊరు, ఇంటి ఊరు రెండుచోట్లా నమోదు చేసుకోవచ్చు. పార్లమెంటుకు మాత్రం ఒక్కచోటే ఓటెయ్యాలి.

#17 కృష్ణలంక

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటే: 2020 జనవరి 31తో బ్రిటన్‌కు ఎంఈపీలే లేకుండా పోయారు కదా, ఇప్పుడు ఆ మెట్టు లేనట్టేనా?

#18 వార్డుతిరుగుడు

ఆ మెట్టు లేదు. చివరి 2019 ఎన్నికలో గ్రీన్లకు ఏడుగురు ఎంఈపీలు. వారిలో ఎల్లీ చౌన్స్ హియర్‌ఫర్డ్‌షైర్ కౌన్సిలర్ కూడా, 2024లో నార్త్ హియర్‌ఫర్డ్‌షైర్ ఎంపీ. యూరోపియన్ మెట్టెక్కి వచ్చిన గ్రీన్ ఎంపీల్లో లూకస్ తర్వాత ఆమే. 2024లో గెలిచిన నలుగురిలో మిగతా ఏడ్రియన్ రామ్‌సే నారిచ్ కౌన్సిల్‌లో, కార్లా డెన్యర్ బ్రిస్టల్ కౌన్సిల్‌లో పనిచేసి వచ్చినవారు. షాన్ బెరీది లండన్, కామ్డెన్ కౌన్సిల్, లండన్ అసెంబ్లీ. ఆ లండన్ అసెంబ్లీకి మాత్రం దామాషా జాబితా ఇంకా ఉంది. డోంట్ లెక్కే అక్కడా, 11 సీట్లకే. కాకపోతే నియోజకవర్గాల్లో గెలిచిన సీట్లను ముందే భాజకంలో కలుపుతారు. లెక్కలపుస్తకం గారు ఆ తేడా ఒకసారి వేసి చూపిస్తే బాగుంటుంది.

#19 లెక్కలపుస్తకం

వేస్తా. అందులో మొదటి భాజకం 1 కాదు, ఆ పార్టీ అప్పటికే గెలిచిన నియోజకవర్గ సీట్లకు ఒకటి కలిపినంత. పది నియోజకవర్గాలు గెలిచిన పార్టీ ఓట్లను మొదటే 11తో భాగిస్తారు. ఒక్కటీ గెలవని పార్టీ ఓట్లను 1తో. పైగా 5 శాతం గీత ఉంది, అది దాటకపోతే లెక్కలోకే రాదు. ఏ నియోజకవర్గమూ గెలవకుండానే గ్రీన్లు ప్రతిసారీ అసెంబ్లీలో ఉండగలగడానికి కారణం ఇదే. పూర్తి పట్టిక విడి థ్రెడ్‌లో పెడతా.